కేస్ స్టడీ: ఖాతాలో తగ్గినవి 46 బై-ఇన్‌లు, టేబుల్ మీద పోయినవి 26

ఈ కేసులోని వ్యక్తి ఆరేళ్లుగా పోకర్ ఆదాయంతోనే ఇల్లు నడుపుతున్న ఆటగాడు. వయసు ముప్పై దాటింది. ఇంట్లో అతని మీద ఆధారపడ్డవాళ్లు ఇద్దరు. ఆడేది ఆన్‌లైన్‌లో, ఆరుగురు కూర్చునే నో-లిమిట్ హోల్డెమ్ క్యాష్ గేమ్. టోర్నమెంట్‌ల జోలికి పోడు. ఒకేసారి మూడు టేబుళ్లు, గంటకు సుమారు 200 హ్యాండ్‌లు, నెలకు వంద గంటలు, అంటే నెలకు 20 వేల హ్యాండ్‌లు. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాం. డబ్బు లెక్కలన్నీ బై-ఇన్‌లలోనే ఉంటాయి. ఒక బై-ఇన్ అంటే టేబుల్ దగ్గర కూర్చోవడానికి తెచ్చే మొత్తం, ఇక్కడ 100 బిగ్ బ్లైండ్‌లు (బిగ్ బ్లైండ్ అంటే ప్రతి హ్యాండ్‌లో ఒక ఆటగాడు ముక్కలు చూడకముందే తప్పనిసరిగా వేసే పందెం).

ఈ స్టేక్‌లో (పందెం స్థాయిలో) రెండున్నరేళ్లుగా ఆడుతున్నాడు. హ్యాండ్‌లు నమోదు చేసే ట్రాకర్‌లో 6 లక్షల హ్యాండ్‌లున్నాయి. విన్‌రేట్ ప్రతి 100 హ్యాండ్‌లకు 4 బిగ్ బ్లైండ్‌లు, ఫలితాల ఆటుపోట్లను కొలిచే స్టాండర్డ్ డీవియేషన్ 95. ఈ గేమ్‌కి ఇవి మంచి అంకెలే. ఆ తర్వాతి నాలుగు నెలల్లో, 80 వేల హ్యాండ్‌లలో, 26 బై-ఇన్‌లు పోగొట్టుకున్నాడు. పోకర్ కోచింగ్ ఇచ్చే మా దగ్గరికి వచ్చినప్పుడు అడిగింది ఒక్కటే: "నా ఆట చెడిందా, లేక టైమ్ బాగాలేదా? అది తేల్చి చెప్పండి చాలు."

ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే మొదటి ఏడు వారాలు పోయాయి. కేసు రాసి పెట్టడానికి అసలు కారణం అదే.

ముందుగా చూడాల్సింది

ఆట సంగతి ముట్టుకునే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. మన ముందున్నది నష్టాల్లో ఉన్న ప్రొఫెషనలా, జూదం వ్యసనంగా మారిన మనిషా? బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 (2013) గ్యాంబ్లింగ్ డిసార్డర్‌కి తొమ్మిది లక్షణాలు ఇస్తుంది. పన్నెండు నెలల్లో నాలుగైనా ఉంటే ఆ నిర్ధారణ పరిధిలోకి వస్తారు. అప్పులు దాచడం, నష్టాన్ని రాబట్టుకోవడానికి మర్నాడే మళ్లీ కూర్చోవడం, మానేద్దామనుకుని మానలేకపోవడం, ఆట గురించి ఇంట్లో అబద్ధమాడటం లాంటివి ఒక్కొక్కటే అడిగాం. రూలెట్, స్లాట్‌ల ఖాతాలేమైనా ఉన్నాయా అనీ అడిగాం, లేవు. దాచిన అప్పూ లేదు. నష్టం వెంట పడటం ఒక్కటే స్పష్టంగా ఉంది. నాలుగు ఉండి ఉంటే వైద్య సహాయానికి పంపి, కోచింగ్ ఆపేసేవాళ్లం. వ్యసనంలో ఉన్న మనిషికి బ్యాంక్‌రోల్ (ఆటకు కేటాయించిన డబ్బు) సలహా ఇస్తే ఆడటానికి ఇంకో సాకు ఇచ్చినట్టే.

లెక్క ఎంతవరకు చెప్పగలదు

విన్‌రేట్ 4 అనుకుంటే 80 వేల హ్యాండ్‌లకు రావాల్సింది 32 బై-ఇన్‌ల లాభం. అన్ని హ్యాండ్‌లకు స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 27 బై-ఇన్‌లు. వచ్చింది 26 నష్టం. తేడా 58, అంటే రెండు డీవియేషన్‌లకు కాస్త పైన. నూటికి ఒకటి, రెండుసార్లు జరిగే సంగతి. ఇక్కడే ఆగితే ఆట చెడిందనే అనిపిస్తుంది.

కానీ ఆ 4 అనే అంకె కూడా ఖాయం కాదు. 6 లక్షల హ్యాండ్‌ల మీద దానికి అటూ ఇటూ 2.4 దాకా తేడా ఉండొచ్చు. అసలు విన్‌రేట్ 1.6 అయితే ఇంత నష్టం నూటికి ఏడుసార్లు వచ్చేదే. పైగా అతను మన దగ్గరికి వచ్చింది కెరీర్‌లోకెల్లా చెడ్డ నాలుగు నెలలు ఏరుకుని. అలా ఏరిన ముక్క ఎప్పుడూ వింతగానే కనిపిస్తుంది.

ఇంకో లెక్క అతని ముందే వేశాం. విన్‌రేట్‌ని అటూ ఇటూ 1 బిగ్ బ్లైండ్ తేడాలో తేల్చాలంటే 34 లక్షల పైచిలుకు హ్యాండ్‌లు కావాలి. నెలకు 20 వేల చొప్పున అది పద్నాలుగేళ్ల పని. ఆ లోపు ఎదుటి ఆటగాళ్లు మారిపోతారు, రేక్ (ప్రతి పందెంలోంచి సైట్ కోసుకునే కమిషన్) మారుతుంది, అతనూ మారతాడు. ఫలితాల్లోంచి అతని ప్రశ్నకు జవాబు రాదు.

లెక్క ఒప్పుకున్నాడు. మేమూ ఒప్పుకున్నాం. అయినా ఇద్దరం ఆ జవాబు కోసమే హ్యాండ్‌లు తిరగేస్తూ కూర్చున్నాం.

ఫలించనివి

మా దగ్గరికి రాకముందే రెండు వారాలు విరామం తీసుకున్నాడు. తిరిగి వచ్చాక ఒత్తిడి తగ్గకపోగా పెరిగింది. ఎందుకో అప్పట్లో అతనికి అర్థం కాలేదు, మేమూ అడగలేదు. ఆ రెండు వారాల ఇంటి ఖర్చు కూడా ఆట డబ్బులోంచే వెళ్లిందని తర్వాత తెలిసింది. విరామంలో ఖాతా తగ్గుతూ ఉంటే దాన్ని విశ్రాంతి అనలేం.

తర్వాత సాల్వర్ (సమతూకమైన ఆట ఎలా ఉండాలో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) చదువు, రోజుకు మూడు గంటలు. 2015లో పయోసాల్వర్ వచ్చాక ప్రొఫెషనల్‌కి ఇది తప్పనిసరి పనే. ఇక్కడ అది ఎదురు తిరగడానికి కారణాలు రెండు. సాల్వర్ చూపించే బ్లఫ్‌లు, ఎదుటివాడు కూడా సమతూకంగా ఆడతాడనే లెక్క మీద నిలబడ్డవి. ఫోల్డ్ చేయని (ముక్కలు వదిలేయని) మనిషి మీద అదే బ్లఫ్ చేస్తే డబ్బు చేతికిచ్చినట్టే. ఇంతకంటే లోతైనది రెండోది. ఒక పరిస్థితిలో 30 శాతం బ్లఫ్ చేయమని సాల్వర్ చెబితే, మనిషి ఆ 30 శాతాన్ని యాదృచ్ఛికంగా పంచలేడు. ఇతను గెలుస్తున్న రోజు ఆ బ్లఫ్ ఒక్కసారీ చేయలేదు, ఓడుతున్న రోజు ప్రతిసారీ చేశాడు. అడిగితే "సాల్వర్‌లో ఉంది కదండీ" అన్నాడు. ఉంది నిజమే. టిల్ట్‌కి (ఓటమి కోపంలో ఆడే ఆటకి) పాఠ్యపుస్తకం ఆమోదం దొరికిందన్నమాట.

మూడోది మా సలహాయే: రోజుకు 3 బై-ఇన్‌ల స్టాప్-లాస్, అంటే అంత పోతే ఆ రోజుకి ఆట ఆపేయడం. రెండు పోయేదాకా మామూలుగా ఆడాడు. మూడో దానిలో గీత దగ్గరపడుతుంటే ఆట మారిపోయింది. కాల్ చేయాల్సిన (ఎదుటి పందెం సరిపెట్టాల్సిన) చోట భయపడి ఫోల్డ్ చేశాడు, గీత తాకుతుందని ఖాయమయ్యాక చేతిలో ఏ ముక్కలున్నా మొత్తం డబ్బు తోసేశాడు. మూడో వారంలో ఒక రాత్రి హోల్డెమ్‌లో గీత తాకి టేబుళ్లు మూసేసి, అరగంటకే ఒమాహా (పోకర్‌లోనే మరో రకం) టేబుల్ తెరిచాడు. పాట్-లిమిట్ ఒమాహాలో ఆటుపోట్లు హోల్డెమ్ కంటే చాలా ఎక్కువ. స్టాండర్డ్ డీవియేషన్ 100 హ్యాండ్‌లకు 150 ప్రాంతంలో ఉంటుంది. అందులో అతనికి కొలిచిన విన్‌రేటే లేదు. స్టాప్-లాస్ మా షీట్‌లోని ఒక కాలమ్‌ని మాత్రమే కాపాడింది. పోయిన మొత్తానికి కట్టిన గీత అలసటనీ కోపాన్నీ కొలవదు. నష్టమే లేకుండా అలసిపోయిన రోజున అది మోగదు.

ఈలోగా ఒక స్టేకింగ్ ప్రతిపాదన వచ్చింది. పెట్టుబడి వేరొకరిది, లాభం సగం సగం, నష్టం మేకప్‌గా, అంటే తర్వాతి లాభాలతో తీర్చాల్సిన బాకీగా, ముందుకు సాగుతుంది. వద్దన్నాం. మేకప్ తీరేదాకా ఆటగాడికి వాటా రాదు. అంటే డౌన్‌స్వింగ్‌లో (వరుస నష్టాల కాలంలో) ఆదాయం సున్నా. అతనికి డబ్బు అత్యవసరమైన నెలలు సరిగ్గా అవే. పెట్టుబడి లేని సమస్యకు స్టేకింగ్ పనికొస్తుంది. ఇతని సమస్య వేరని అప్పటికి సగం సగంగా అనిపిస్తూనే ఉంది.

బ్యాంక్ స్టేట్‌మెంట్

ఏడో వారం చివర షీట్ సరిచూస్తుంటే పొంతన కుదరలేదు. మా దగ్గరికి వచ్చిన రోజు 24 బై-ఇన్‌లున్నాయి. ఏడు వారాల్లో, ఒమాహా కూడా కలిపి, టేబుల్ మీద ఒక బై-ఇన్ లాభం. ఖాతాలో ఉన్నది 17.

అప్పుడు బ్యాంక్ స్టేట్‌మెంట్ తెప్పించాం. నెలకు 5 బై-ఇన్‌లు ఇంటికి వెళ్తున్నాయి. అద్దె, ఫీజులు, మందులు, బీమా. దుబారా ఏమీ లేదు. వెనక్కి వెళ్లి చూస్తే నష్టాలు మొదలైన రోజు 70 బై-ఇన్‌లుండేవి. నాలుగు నెలల్లో 46 తగ్గాయి. టేబుల్ మీద 26, ఇంటి ఖర్చుకి 20. అతని బుర్రలో మాత్రం మొత్తం 46 ఆటలోనే పోయినట్టుంది. రోజూ ఖాతా తెరిస్తే కనిపించేది ఒకే అంకె కాబట్టి, అద్దె కట్టిన రోజు కూడా ఓడిపోయిన రోజులాగే అనిపించేది.

నెలకు 5 బై-ఇన్‌లంటే 500 బిగ్ బ్లైండ్‌లు. 20 వేల హ్యాండ్‌లకు పంచితే 100 హ్యాండ్‌లకు 2.5. అంటే ఇంటి ఖర్చు రేక్ లాంటిదే, విన్‌రేట్‌లోంచి నేరుగా కోస్తుంది. 4లో 2.5 పోతే మిగిలేది 1.5. మామూలుగా వాడే రిస్క్ ఆఫ్ రూయిన్ సూత్రంలో 17 బై-ఇన్‌లకు ఈ 1.5 వేస్తే, మొత్తం పోయే అవకాశం 57 శాతం వస్తుంది. ఖర్చు తీయకుండా అదే 4 వేస్తే 22 శాతం. ఇక అసలు విన్‌రేట్ 1.6 అయితే, ఖర్చు పోను మిగిలేది మైనస్. అప్పుడు అవకాశాల మాటే లేదు, ఎప్పుడు పోతుందన్నదే ప్రశ్న.

అంతవరకూ అతను అడిగిన ప్రశ్న చుట్టూ తిరిగాం. ఇక్కడ ప్రశ్న మార్చాం. ఆట చెడిందా లేదా అన్నది తేలకపోయినా ఏడాది నిలబడగలిగేలా డబ్బునీ గంటలనీ ఎలా అమర్చాలి?

డబ్బు అమరిక

అందరూ ఇచ్చే సలహా స్టేక్ దిగమని. సగం స్టేక్‌కి దిగితే 17 కాస్తా 34 బై-ఇన్‌లవుతుంది. బాగానే ఉంది. కానీ ఇంటి ఖర్చు సగమవదు. కొత్త స్టేక్‌లో అది నెలకు 10 బై-ఇన్‌లు, 100 హ్యాండ్‌లకు 5 బిగ్ బ్లైండ్‌లు. ఇల్లు గడవడానికే 5 గెలవాలి. కింది స్టేక్‌లో ఎదుటివాళ్లు బలహీనంగా ఉంటారన్నది నిజమే, కానీ రేక్ సీలింగ్ బిగ్ బ్లైండ్‌లలో చూస్తే అక్కడ ఎక్కువ. దిగినంత మాత్రాన విన్‌రేట్ పెరుగుతుందని రాసుకోవడానికి లేదు. ఒక్క స్టేక్ దిగడంతో ఈ కేసు గట్టెక్కదు.

ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాలన్నది రెండో సలహా. అది పాత స్టేక్‌లో 30 బై-ఇన్‌లు. ఉన్నదే 17.

కాబట్టి బయటి ఆదాయం తప్ప దారి లేదు. ఇది చెప్పడం తేలిక, ఒప్పించడం కష్టం. ఆరేళ్లుగా బంధువుల ముందు "ఇదే నా ఉద్యోగం" అని నిలబడ్డ మనిషికి పార్ట్‌టైమ్ పని ఓటమి ఒప్పుకున్నట్టు ఉంటుంది. రెండు వారాలు ఆ మాట మీదే గడిచాయి. మేం వాదించలేదు. రెండు అంకెలు రాసిచ్చాం. పాత అమరికలో 57 శాతం. స్టేక్ దిగి, ఇంటి ఖర్చు జీతం మోస్తే, విన్‌రేట్ 4 దగ్గర 5 శాతం. విన్‌రేట్ 2 మాత్రమే అయితే ఎంతని అతనే అడిగాడు. 22 శాతం. "అంటే నేను సగం ఆటగాణ్ణే అయినా పాతదానికంటే ఇదే నయం" అన్నాడు. ఆ వారమే డేటా పని ఒకటి వెతుక్కున్నాడు, వారానికి 25 గంటలు.

ఖాతాలు విడదీశాం. ఆట డబ్బు ఒకచోట, ఇంటి డబ్బు ఇంకోచోట, రెండింటికీ మధ్య బదిలీ మూడు నెలలకొక్కసారి, అదీ ముందే రాసుకున్న తేదీన. ఆట డబ్బంతా ఒకే సైట్‌లో ఉంచడం కూడా మాన్పించాం. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ పెద్ద పోకర్ సైట్‌ల మీద చర్య తీసుకున్నాక, వాటిలో ఒకటైన ఫుల్ టిల్ట్‌లో ఇరుక్కున్న అమెరికన్ ఆటగాళ్లకు సొమ్ము తిరిగి రావడం 2014లో గానీ మొదలు కాలేదు. అంతకాలం బ్యాంక్‌రోల్ కాగితం మీద ఉంది, చేతిలో లేదు. ఇప్పుడు ఇతని సైట్ ఖాతాలో పది, పన్నెండు బై-ఇన్‌లకు మించి ఉండవు.

గంటల అమరిక

విన్‌రేట్ తేలడానికి లక్షల హ్యాండ్‌లు కావాలి. ప్రవర్తన తేలడానికి కొన్ని వేలు చాలు. అందుకే గెలుపోటములు వదిలేసి, నూటికి ఎన్ని హ్యాండ్‌లలో తనంతట తాను డబ్బు పెట్టి పాట్‌లోకి (పందెపు మొత్తంలోకి) దిగుతున్నాడన్నది, అంటే వీపీఐపీ, సెషన్ గంటల వారీగా విడదీశాం. మొదటి రెండు గంటల్లో 24 శాతం. నాలుగో గంట తర్వాత 31. ఆ చివరి ముక్కలో 12 వేల హ్యాండ్‌లున్నాయి, యాదృచ్ఛిక తేడా ఒక శాతం కూడా రాదు.

ఇక్కడ ఒక పొరపాటుకి చోటుంది. రాత్రి పొద్దుపోయాక టేబుళ్లు ఖాళీ అయి ముగ్గురు నలుగురే మిగిలితే ఎవరి వీపీఐపీ అయినా పెరుగుతుంది, పెరగాలి కూడా. ఐదారుగురు ఉన్న హ్యాండ్‌లే ఏరి మళ్లీ చూశాం. తేడా 7 నుంచి 6కి తగ్గింది, అంతే. పాత 6 లక్షల హ్యాండ్‌లలో ఇదే తేడా 2. అంటే ఆట కొంత చెడింది నిజమే, చెడింది చివరి గంటల్లో.

ఐదో గంటలోని ఒక హ్యాండ్ చూడండి. ఇతను బటన్ (చివరగా ఆడే సీటు) మీద ఇస్పేటు ఆసు, ఇస్పేటు జాకీతో 2.5 బిగ్ బ్లైండ్‌లకి తెరిచాడు. బిగ్ బ్లైండ్ వేసిన ఆటగాడు కాల్ చేశాడు. ఫ్లాప్‌లో (అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కల్లో) ఆటీన్ జాకీ, డైమన్ ఎనిమిది, కళావరు నాలుగు. 1.8 బెట్, కాల్. టర్న్ (నాలుగో ముక్క) ఇస్పేటు రెండు. 6.5 బెట్, కాల్. రివర్ (ఐదో ముక్క) ఆటీన్ ఎనిమిది. పాట్ 22, ఇతను 11 వేశాడు, ఎదుటివాడు మిగిలిన 89 మొత్తం తోశాడు. కాల్‌కి ఇంకా 78 కావాలి, పాట్ 200 అవుతుంది. నూటికి 39 సార్లు గెలవాలి.

కాల్ చేసి ఓడిపోయాడు. ఓడటం ముఖ్యం కాదు. కాల్‌కి ముందు నోట్‌లో "ఫ్లష్ డ్రా మిస్సై ఉండొచ్చు" అని రాసుకున్నాడు. టర్న్ పడేసరికి బోర్డు మీద నాలుగు ముక్కలు, నాలుగూ వేర్వేరు సూట్‌లు. ఫ్లష్ డ్రా (ఒకే సూట్ ముక్కలు ఐదు చేరడానికి ఒకటే తక్కువ కావడం) అనేదే లేదు. ఇక అతన్ని ఓడించే చేతుల్లో ముఖ్యమైనవి లెక్కపెడితే, ఒకే సూట్‌లో ఎనిమిది ఉన్నవి (ఆసుతో 1, రాజు, రాణి, పది, తొమ్మిది, ఏడుతో రెండేసి, జాకీతో 1), నాలుగుల జత 3, మొత్తం 15. కాల్ సరిపోవాలంటే పది బ్లఫ్‌లైనా ఉండాలి. మిస్సయిన డ్రాల్లో ముఖ్యమైనవి ఒకే సూట్‌లోని పది-తొమ్మిది 4, రాణి-పది 4, కలిపితే 8. ఆ ఎనిమిదింటినీ ప్రతిసారీ తోసే మనిషి ఈ స్టేక్‌లో అరుదు. ఇదే లెక్క ఉదయం రివ్యూలో రెండు నిమిషాల్లో తనే చేశాడు. అతనికి చదువు కొరవడలేదు, ఐదో గంటలో ఆ చదువు చేతికి అందలేదు.

దాంతో స్టాప్-లాస్ తీసేసి గడియారం పెట్టాం. 90 నిమిషాలు, గెలిచినా ఓడినా టేబుళ్లు మూసేయాలి. బిగ్ బ్లైండ్ వచ్చేలోపు లేచిపోవాలి, "ఇంకొక్క రౌండ్" లేదు. మంచి టేబుల్ వదిలేయాల్సి వస్తుందని అతను గట్టిగా అభ్యంతరం చెప్పాడు. అది నిజమైన నష్టమే. బలహీనమైన ఆటగాడు కూర్చున్న టేబుల్ దొరకడం ఈ వృత్తిలో సగం సంపాదన. అయినా మేం ఒప్పుకోలేదు. మినహాయింపు ఇస్తే, ఓడుతున్న ప్రతి టేబులూ ఐదో గంటకు మంచి టేబుల్‌లాగే కనిపిస్తుంది.

రివ్యూకి వారానికి పది హ్యాండ్‌లు. ఆడుతున్నప్పుడే గుర్తు పెట్టాలి, ఫలితం కనిపించని ప్రింట్ మీద కారణం రాయాలి, ఆ తర్వాతే ఎదుటి ముక్కలు చూడాలి. మొదటి నెల ఈ వరస తప్పి, ఓడిన హ్యాండ్‌లే ఏరుకొచ్చాడు. గెలిచిన వాటిలోనూ సగం తప్పులున్నాయని చూపించాక గాడిలో పడింది.

పద్నాలుగు నెలల తర్వాత

నెలకు 9 వేల చొప్పున 1 లక్ష 26 వేల హ్యాండ్‌లు ఆడాడు. విన్‌రేట్ 3.1. అటూ ఇటూ తేడా 5.2 ఉంది కాబట్టి, ఈ అంకెతో మా పద్ధతి పనిచేసిందని చెప్పుకోలేం. చెప్పగలిగినవి వేరు. 420 సెషన్‌లలో 90 నిమిషాలు దాటినవి 11. మొదటి అరగంటకీ చివరి అరగంటకీ వీపీఐపీ తేడా 1 శాతం లోపు. ఆట ఖాతాలోంచి ఇంటికి వెళ్లింది సున్నా. 34 బై-ఇన్‌లు 73 అయ్యాయి.

మా వైపు మార్పు ఒకటే. ఇప్పుడు ఎవరొచ్చినా హ్యాండ్‌ల డేటాబేస్ కంటే ముందు ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతున్నాం. ఈ కేసులో అది మొదటి రోజే చూసుంటే ఎనిమిది బై-ఇన్‌లు మిగిలేవి. ప్రొఫెషనల్ తన సమస్యని ఆట భాషలోనే చెబుతాడు, ఎందుకంటే అతనికి బాగా వచ్చిన భాష అదే. కోచ్ కూడా అదే భాషవాడు కాబట్టి ఇద్దరికీ అనుమానం రాదు.

ఉద్యోగం మానేసి పూర్తిగా ఆటలోకి రావాలని అతనికి ఇప్పుడు ఉంది. దానికి రాసుకున్న షరతులు రెండు: ఆడుతున్న స్టేక్‌లో 60 బై-ఇన్‌లు, ఇంటి ఖాతాలో జీతంలోంచి దాచిన ఆరు నెలల ఖర్చు. మొదటిది దాటింది. రెండోదానిలో నాలుగు నెలలది చేరింది.